పై కొస

మా పాత స్పీకరు పెట్టె బరువు నలభై ఆరు కిలోలు. ఈ సంగతి మా బృందంలో అంకెతో సహా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక ఆదివారం గదిలో ఎవరూ లేనప్పుడు ఇంట్లోంచి త్రాసు తెచ్చి తూచాను. తూచి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "ముప్పై ఉంటుందేమో" అనేవాణ్ణి.

మాది నలుగురి బృందం. పాడే ఆయనకి కళ్ళద్దాల దుకాణం ఉంది. గిటారు వాయించే ఆయన పశువుల డాక్టరు. డ్రమ్ములు మా బావ. అంటే మా అక్క భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నేను లావు తీగల బేస్ గిటారు వాయిస్తాను. పగలంతా ఒక హైస్కూలు భౌతికశాస్త్రం లాబ్‌లో సహాయకుణ్ణి. పిల్లలకి త్రాసులు, కటకాలు, తీగలు అందించి, సాయంత్రం లెక్క చూసుకుని బీరువాలో పెట్టి తాళం వేయడం నా పని. మమ్మల్ని పెద్ద పెద్ద చోట్లకి ఎవరూ పిలవరు. పదవీ విరమణ విందులు, పుట్టినరోజులు, క్లబ్బు గదులు, నలభై యాభైమంది పట్టే హాళ్ళు. ఈ హాళ్ళన్నీ మేడ మీదే ఉంటాయి, ఒక్కదానికీ లిఫ్టు ఉండదు.

"ఊరందరి లిఫ్టులూ బాగుచేసేవాడి నొసట మెట్లు రాసిపెట్టి ఉన్నాయి" అనేవాడు బావ.

పెట్టె లేకపోతే బేస్ గిటారు నాకొక్కడికే వినబడే గొణుగుడు. అందుకని పెట్టె నాది, అవసరం నాది. మోత మాత్రం ఇద్దరిది. చెరో కొసా పట్టుకుని మెట్లెక్కేవాళ్ళం. మొదటిసారి మెట్ల దగ్గర నిలబడినప్పుడు నేనే అన్నాను: "నేను పైన పడతాను బావా. వెనక్కి నడవడం కష్టం, అది నేను చూసుకుంటాను. నువ్వు ముందుకు చూస్తూ హాయిగా రా."

ఆ మాట ఎంత బాగుందంటే, వెనకాల నిలబడ్డ అక్క "ఒరేయ్, పడతావేమో, చూసుకో" అని కంగారుపడింది. బావ నా వీపు తట్టాడు.

మా లాబ్‌లో ఏటా చేయించే ప్రయోగం ఒకటుంది. చెక్కపలక మీద ఒక దిమ్మ కట్టి, పలక రెండు కొసలనీ రెండు స్ప్రింగు త్రాసులకి వేలాడదీస్తాం. పలక సమంగా ఉన్నంతసేపు రెండు ముళ్ళూ ఒకే అంకె చూపిస్తాయి. ఒక కొస పైకెత్తామా, పై ముల్లు నెమ్మదిగా సున్నా వైపు జరుగుతుంది, కింది ముల్లు బరువు పెరిగి దిగిపోతుంది. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల అడుగుతుంది: "అయితే సార్, మెట్ల మీద బీరువా మోసేటప్పుడు కింద ఉన్నవాడికే బరువంతా పడుతుందా?" నేను "అవును, దాదాపు ముప్పాతిక" అంటాను. ఆ ముప్పాతిక అనే మాట చెప్పేటప్పుడు నా గొంతులో ఏ మార్పూ ఉండదు. అది నాకు తెలుసు, ఎందుకంటే నేను గమనించుకునేవాణ్ణి.

నాకు అన్యాయం చెయ్యకుండా చెప్పుకోవాలంటే, మొదటి రోజు నేను ఎత్తు వేయలేదు. వెనక్కి నడవడం నిజంగానే కష్టమనుకున్నాను. మొదటి మలుపు దగ్గర ఆగినప్పుడు బావ చొక్కా తడిసిపోయి ఉంది, నా చేతులకి అలుపే లేదు. ఎందుకో అరక్షణంలో తెలిసింది. ఆ అరక్షణంలో నేను "బావా, ఇటు మారదాం" అనాలి. అనలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నేను ప్రత్యేకంగా చేసిన తప్పేమీ లేదు. రోజూ అదే అరక్షణాన్ని పొడిగించుకుంటూ వచ్చానంతే.

దిగేటప్పుడు ఇంకా ఘోరం. ఎవరి కొస వాళ్ళదే కదా, బావ కింద ఉండి వెనక్కి దిగాలి. పాదం కిందేముందో కనబడదు. అందుకని నేను పైనుంచి మెట్లు లెక్కపెట్టి చెప్పేవాణ్ణి. "ఇంకా పన్నెండు. పదకొండు. మలుపు. ఆరు..." స్పష్టంగా, ఓపికగా. హాలు వాళ్ళు చూసి ముచ్చటపడేవాళ్ళు: "బావా బావమరుదులు ఎంత పొందిగ్గా ఉన్నారో." నేను మోయని బరువుకి బదులు అంకెలు ఇస్తున్నానని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ అంకెలు కూడా ఒకనాడు తప్పాను.

ఎవరిదో పదవీ విరమణ విందు. మధ్యాహ్నం మూడింటికి ముగిసింది. ఇరవై రెండు మెట్లు. ఇరవై బాగానే దిగాం. అప్పుడు హాలు తలుపు దగ్గర్నుంచి ఒక పెద్దాయన కేకేశాడు: "బాబూ, ఆ లావు గిటారు మీరేనా? భలే ఉందండీ." తొమ్మిదేళ్ళలో నా వాయిద్యాన్ని మెచ్చుకున్నవాళ్ళలో ఆయన మూడోవాడు. నేను తల తిప్పి నవ్వాను. ఒక మెట్టు దిగాం. "అయిపోయింది" అన్నాను. ఇంకా ఒకటుంది.

నేల ఉందని నమ్మి వేసిన పాదం గాల్లోకి పడింది. మోకాలు లోపలికి తిరిగింది. పెట్టె ఇనుప మూల తొడ మీద ఆనింది. బావ అరవలేదు. "పెట్టె జాగ్రత్త" అన్నాడు.

ఆసుపత్రిలో నేను అక్కతో ఏడుపుగొంతుతో చెప్పాను, తప్పు లెక్కపెట్టింది నేనేనని. చెప్పాక ఒళ్ళు తేలికపడింది. ఆ తేలికలోనే నా నైచ్యం నాకు కనబడింది. చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్ద తప్పుకి మంచి చాటు దొరుకుతుంది. ఒప్పుకునేవాణ్ణి ఎవరూ ఇంకా తవ్వరు.

"పోనీలేరా" అంది అక్క. "వెనక్కి నడిచి నడిచి నీ మెడ పట్టేస్తుందనుకున్నాను ఎప్పటికైనా. ఆయన కాలు పోయింది." గ్లాసులో టీ పోసి నా చేతికిచ్చింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తాగాను.

బావ మాత్రం వచ్చినవాళ్ళందరికీ తానే తొందరపడ్డానని చెప్పాడు. మోకాలికి పట్టీ వేసి, ఆరు వారాలు కదలొద్దని, బరువులు ఇక ఎత్తనే వద్దని డాక్టరు అన్నాడు. ఆరు వారాలయ్యాక అక్క తీర్పు చెప్పింది.

"ఆ శవపేటికని ఈయన ఇంకొక్కసారి ముట్టుకున్నారంటే డ్రమ్ములు తీసుకెళ్ళి వీధిలో పెడతాను. ఒంటి చేత్తో పట్టుకుపోయే పెట్టె ఏదైనా కొనుక్కోండి. లేకపోతే ఇంట్లో కూచుని డబ్బాలు వాయించుకోండి."

"డబ్బాలకి కూడా బేస్ ఉండాలే" అన్నాడు బావ.

"ఉంటుందిగా, నా నోరు" అంది అక్క.

* * *

స్పీకర్ల దుకాణం ఒక సందు చివర ఉంది. నడిపేది అరవై ఏళ్ళావిడ. మేం వెళ్ళేసరికి బల్ల మీద ఒక స్పీకరు వెల్లకిలా పడుకోబెట్టి, దాని చిరిగిన కాగితపు గిన్నె అంచుకి బ్రష్షుతో జిగురు రాస్తోంది. వేళ్ళకి ఎండిన జిగురు పొరలు. ఆవిడ వెనక గోడ మీద చేత్తో రాసిన అట్ట ఒకటి వేలాడుతోంది: ముందు మోయండి, తర్వాత వినండి.

"అదేమిటమ్మా?" అన్నాడు బావ, కర్ర పక్కన పెట్టి కుర్చీలో కూలబడుతూ.

"నా దుకాణం పద్ధతి. ఆ వెనక పద్నాలుగు మెట్లున్నాయి గోడౌనుకి. ఏ పెట్టె అయినా సరే పైకి తీసుకెళ్ళి కిందికి తెచ్చాకే కరెంటు ఇస్తాను. కూచుని వింటే అందరికీ పెద్దదే కావాలనిపిస్తుంది. మెట్ల మీద అందరికీ చిన్నదే ముద్దు. ఆ రెంటికీ మధ్య మీదేదో మీకే తెలియాలి." ఆవిడ నన్ను చూసింది. "ఎంతమంది వస్తారు మీ పాటలకి?"

"నలభై, యాభై."

"డ్రమ్ములు గట్టిగా కొడతారా?"

"ఆయన్నే అడగండి."

"మా ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు ఎలా కొట్టాలో అలా" అన్నాడు బావ.

ఆవిడ నవ్వి రెండు పెట్టెలు చూపించింది. చిన్నది పదమూడు కిలోలు. ఒకటే స్పీకరు, పన్నెండు అంగుళాలది, తేలిక రకం అయస్కాంతం, నెత్తిన ఒక పిడి. పెద్దది ముప్పై ఒకటి. రెండు స్పీకర్లు, ఇటో పిడి, అటో పిడి. మూడో రకం కూడా ఉంది, ఆంప్లిఫయరు లోపలే బిగించినది, కానీ ఒకటి చెడితే రెండూ మూలపడతాయని ఆవిడే వద్దంది.

చిన్నది చూడగానే పని తేలిపోవాలి. మా అవసరం అదే, అక్క తీర్పు అదే. అయినా నా కళ్ళు పెద్దదాని మీదికే పోతున్నాయి. ధ్వని కోసం అని మొదట అనుకున్నాను. తర్వాత, చిన్నదాని పిడి వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డప్పుడు, అసలు సంగతి మెల్లగా తేటపడింది. ఈ పెట్టెకి కొసలు లేవు. దీన్ని కొంటే నేను కింది కొస పట్టే రోజు ఇక రాదు. ఎప్పటికైనా ఒకనాడు, ఏదో ఒక మెట్ల దగ్గర, ఏమీ జరగనట్టు "ఇవాళ నేను కింద పడతాలే" అంటానని, అలా అనడం మొదలుపెట్టి అంతా సరిచేస్తానని నేను తొమ్మిదేళ్ళుగా లోపల దాచుకున్న ఊహ ఒకటుంది. చెయ్యని మంచిపనిని అంతకాలం మురిపెంగా దాచుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

చిన్నదాన్ని ఎక్కించి దించాను. చెప్పడానికేమీ లేదు, కూరల సంచీ మోసినట్టుంది.

"ఇప్పుడు పెద్దది. దీనికి ఇద్దరు కావాలి" అంది ఆవిడ. బావ కర్ర అందుకోబోయాడు. "మీరు కూచోండి బాబూ. నేను పడతాను." చేతులు కొంగుకి తుడుచుకుంది.

తర్వాత జరిగింది జాగ్రత్తగా చెప్పాలి. నేను ఏమీ ఆలోచించలేదు. పెట్టెని మెట్ల దాకా తెచ్చాం. నా కాళ్ళు తమంతట తాము మొదటి మెట్టు ఎక్కాయి, ఒళ్ళు దానంతటది వెనక్కి తిరిగింది, చేతులు పై కొసని పట్టుకున్నాయి. మూడో మెట్టు మీద పెట్టె అంచు మీదుగా కిందికి చూశాను. నెరిసిన పాపిడి, దాని కింద బిగుసుకున్న దవడ. అరవై ఏళ్ళ మనిషి.

నాకు తలకొట్టేసినట్టయింది. మారదాం అందామనుకున్నాను. మెట్ల మధ్యలో మారడం కుదరదు. ఇది నిజమే. నాకు ఎప్పుడూ దొరికేవి ఇలాంటి నిజాలే.

"మావాడు వెనక్కి నడవడంలో మొనగాడమ్మా" కిందనుంచి బావ గర్వంగా అంటున్నాడు. "తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తడబడలేదు. వాడి వీపుకి కళ్ళున్నాయి."

పైకి చేర్చి ఊపిరి తీసుకున్నాం. దిగడం మొదలుపెట్టగానే నా నోరు కూడా కాళ్ళలాగే తన పని తాను చేసింది: "పద్నాలుగు... పదమూడు..."

"నా మెట్లు నాకు తెలుసులెండి" అంది ఆవిడ మెల్లగా. కింద పెట్టాక నా ముఖంలోకి చూసింది. "మీరు ఎప్పుడూ పైనేనా?"

"అలవాటండీ" అన్నాను. గిటారు తెస్తానని చెప్పి బయటికి నడిచాను.

గిటారు సందు మొదట్లో ఆపిన బండిలో ఉంది. తెచ్చుకుని లోపలికి రాబోతుంటే, ద్వారం పక్కన పేర్చిన ఖాళీ పెట్టెల వరుస అవతల వాళ్ళ మాటలు వినబడ్డాయి. ఆగిపోయాను. చాటుగా వినకూడదన్న ఇంగితం నాకుంది. నన్ను గురించే అని తెలిశాక ఆ ఇంగితం పనిచెయ్యలేదు.

"మీ మోకాలు ఎందుకలా అయిందో ఇప్పుడర్థమైంది" అంటోంది ఆవిడ. "మెట్ల మీద ముప్పాతిక బరువు కింది కొసకే దిగుతుంది. తొమ్మిదేళ్ళా?"

"తెలుసమ్మా. లిఫ్టులు వేలాడదీసేవాణ్ణి, బరువు ఎటు దిగుతుందో నాకు తెలియదా?"

"తెలిసి ఎలా ఊరుకున్నారు?"

"వాడికి తెలియదు. వాడు పాపం వెనక్కి నడిచి నాకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. చిన్నప్పట్నుంచీ నాజూకు మనిషి. మీరు చెప్పకండి. తెలిసిందంటే సిగ్గుతో చచ్చిపోతాడు. ఇక పెట్టెని నన్ను ముట్టుకోనివ్వడు."

ఆవిడ "ఊఁ" అంది. ఆ "ఊఁ"లో నమ్మకం లేదు. బావ గొంతులో ఉన్నదల్లా నమ్మకమే.

గిటారు సంచీ భుజానికి తగిలించుకుని అక్కడే నిలబడ్డాను. మోసపోయినవాడు అమాయకుడైతే మోసగాడికి ఒక రకం ధీమా ఉంటుంది, నేను తెలివైనవాణ్ణని. అదీ పోయింది. ఆయన బరువూ ఎరిగి మోశాడు, నా అజ్ఞానాన్నీ కాపాడాడు. నాలో లేని అజ్ఞానాన్ని.

లోపలికి వెళ్ళి వాయించాను. పెద్ద పెట్టె కింద నేల చిన్నగా అదిరింది. స్వరం కడుపులోంచి పుట్టినట్టుంది. చిన్నది పొడిగా, కాస్త పలచగా పలికింది. ఆవిడ దాన్ని గోడకి దగ్గరగా జరిపింది. కింది స్వరాలు గోడనాని చిక్కబడ్డాయి.

"బయట మైదానంలో ఇది చాలదు. గదిలో చాలు. చాలదనుకున్న చోట హాలు వాళ్ళ స్పీకర్లకి ఒక తీగ కలపండి" అంది.

"పెద్దది తీసుకోరా" అన్నాడు బావ. "ఆ పలుకు చూడు, ఎలా ఉందో. రెండు నెలల్లో నా కాలు కుదురుకుంటుంది. మీ అక్కకి నేను నచ్చజెబుతాను."

"చిన్నదే బావా."

"నా కోసం నీ ధ్వని చంపుకోకు."

"చిన్నదే."

"చూశారామ్మా" అన్నాడు ఆవిడతో, "వాడెప్పుడూ ఇంతే."

ఆవిడ తల ఎత్తకుండా జిగురు బ్రష్షు అందుకుంది. నేను ఏ పెట్టె ఎంచుకున్నా అది ఆయన కళ్ళకి త్యాగమే. ఆయన దృష్టిలో నేను తప్పు చెయ్యడానికి దారే లేదు. ఆయన నన్ను చూస్తున్న ఆ మంచి చూపు భరించడం కష్టమైపోయింది.

* * *

పాత పెట్టెని ఆవిడ బదులుగా తీసుకుంటానంది, లోపలి స్పీకర్లు విడివిడిగా పనికొస్తాయట. వాను ఉంది, ఇప్పుడే తెచ్చుకుందాం అంది. మేం సాధన చేసుకునే గది మూతపడిన ఒక అచ్చాఫీసు మీద రెండో అంతస్తులో ఉంది. ముప్పై రెండు మెట్లు.

గదిలో పెట్టె ముందు నిలబడ్డాక నేను అన్నాను: "కింద నేను పడతాను."

"వెనక్కి దిగడం నీకు అలవాటు లేదురా" అన్నాడు బావ కంగారుగా.

"పెద్దావిడ చేత పట్టిస్తామా?"

ఆవిడ పై కొస దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సరే. నేను కిందుంటాను, లెక్క చెప్తాను" అని బావ కర్ర పట్టుకుని ముందుగా దిగాడు. అడుగడుక్కీ కర్ర చప్పుడు, ఆ వెనక పాదం చప్పుడు. ఒక్కొక్క మెట్టూ దిగి చివర నేల మీద నిలబడి, మెట్ల మధ్య ఖాళీలోంచి పైకి చూశాడు. "ఆఁ, రండి. ముప్పై రెండు."

నలభై ఆరు అనే అంకె నాకు ఎప్పట్నుంచో తెలుసు. బరువు తెలియదు. మొదటి మెట్టు దిగగానే పెట్టె నిద్రలో ఉన్న మనిషిలా నా రొమ్ము మీదికి ఒరిగింది. ఇనుప మూల సరిగ్గా మెడ ఎముక కింద కూచుంది. పాదం వెనక్కి వేసి గాల్లో వెతుక్కోవాలి, వెతుక్కుంటున్నంతసేపూ ఒంటికాలి మీద మొత్తం మొయ్యాలి. కిందనుంచి వచ్చే అంకె తప్ప లోకంలో వేరే ఆధారం లేదు. ఆ అంకెని ఎంత నమ్మాలో నాకు అప్పుడు తెలిసింది. నేను తల తిప్పి నవ్విన ఆ క్షణం గుర్తొచ్చింది.

"పద్దెనిమిది... పదిహేడు... మలుపు. జాగ్రత్త. పదహారు..."

మలుపు తిరిగి నాలుగు మెట్లు దిగేసరికి నా మోకాళ్ళు వణకడం మొదలెట్టాయి. ఆయనవీ ఇలాగే వణికి ఉంటాయి. ప్రతి వారం. పైకి మోసుకెళ్ళాక డ్రమ్ముల ముందు కూచుని, అదే కాలితో పెడలు తొక్కాడు.

"బావా" అన్నాను, ఆగి.

"పన్నెండు. ఏమిట్రా?"

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"కింది కొస బరువు."

నేను వెనక్కి తిరిగి చూడలేను. పెట్టె నల్లని గుడ్డ నా ముఖానికి రెండంగుళాల దూరంలో ఉంది.

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు. ఆ గొంతులో ఇంకా ఆశ ఉంది.

అవును అంటే సరిపోయేది. నమ్మేవాడు. నేను కూడా కొన్నాళ్ళకి నమ్మేవాణ్ణేమో.

"కాదు. మొదటి రోజు. మొదటి మలుపు దగ్గరే. మా పిల్లలకి నేనే చెప్తాను బావా ఆ పాఠం, ఏటేటా."

నా పాదం పదకొండో మెట్టు మీద వేలాడుతోంది. లెక్క రాలేదు.

"మాట్లాడుకునేదేదో కిందికొచ్చి మాట్లాడుకోండి" అంది పైనుంచి ఆవిడ. "నా వేళ్ళు లాగుతున్నాయి. పై కొసకే ఇంతుంటే..." మిగతా మాట మింగేసింది.

"బావా, లెక్క" అన్నాను.

ఒక నిట్టూర్పు. తర్వాత, "పదకొండు" అన్నాడు. లిఫ్టు పరీక్షించేటప్పుడు అంతస్తుల నంబర్లు పిలిచే గొంతు అది. నేను చాలాసార్లు విన్నాను. తప్పుండదు, చుట్టరికమూ ఉండదు. "పది. తొమ్మిది." ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాడు. "రెండు. ఒకటి." నా పాదం తాకాకే అన్నాడు, "నేల."

పెట్టెని వానులోకి ఎక్కించాం. ఆవిడ తలుపు వేసి, స్టీరింగు ముందు కూచుని మా ఇద్దరి వైపూ చూడకుండా అద్దం తుడవడం మొదలుపెట్టింది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బావ దాన్ని ఒకసారి చూశాడు, తొమ్మిదేళ్ళ కిందట నేను ఆయన చొక్కాని చూసినట్టే.

"మీ అక్క మొదట్లోనే అంది" అన్నాడు. "వాడు ఎరిగే పైన పడుతున్నాడని. నేను పోట్లాడాను. మీవాడి మీద నీకే నమ్మకం లేకపోతే ఎలాగన్నాను. రెండు రోజులు మాటల్లేవు మా ఇద్దరికీ."

ఆసుపత్రిలో టీ పోసిస్తూ అక్క అన్న మాట నాకు ఇప్పుడు అసలు అర్థంతో వినబడింది. వెనక్కి నడిచి నడిచి నీ మెడ పట్టేస్తుందనుకున్నాను.

"బావా, నేను..."

"పద. ఆవిడకి పనుంది" అని, కర్ర ముందు పెట్టి, నేను పట్టుకోబోయిన తలుపుని తానే తెరుచుకుని ఎక్కాడు.

క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. తిట్టి ఉంటే దాన్ని పట్టుకుని నేను నిలబడేవాణ్ణి. ఆ తర్వాత సాధనకి వచ్చాడు, లయ తప్పకుండా వాయించాడు, పశువుల డాక్టరు మీద ఎప్పటిలాగే జోకులేశాడు. నాతో కూడా మాట్లాడాడు. వీపు మాత్రం తట్టలేదు. నేను ఆ వీపుతోనే ఇంటికెళ్ళేవాణ్ణి. పడుకున్నప్పుడు కూడా అది నాకు గుర్తుండేది.

* * *

కొత్త పెట్టెతో మొదటి కార్యక్రమం నెల తర్వాత వచ్చింది. ఎవరో ముసలావిడ ఎనభయ్యో పుట్టినరోజు. పొద్దున పది గంటలకి. షరా మామూలే, మేడ మీద హాలు. నేను గంట ముందే వెళ్ళాను.

బావ వచ్చాడు. కర్ర లేదు, కాలు కాస్త ఈడుస్తున్నాడు. చేతిలో తాళాల సంచీ, డ్రమ్ముల పక్కన స్టాండ్లకి బిగించే ఆ ఇత్తడి పళ్ళేలు. పిడికెడు మందం ఉన్న సంచీయే కానీ బరువైనది. నా ఎడమ చేతిలో కొత్త పెట్టె ఉంది. కుడి చెయ్యి ఖాళీ. చాచాను.

"ఇటివ్వు బావా."

ఆయన సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు, నాకు అవతలి చేతిలోకి. "నాది నేను తెచ్చుకుంటాలే" అన్నాడు మామూలుగా.

చాచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాను. పక్కన పాడే ఆయన ఉన్నాడు, ఆయనకి ఇందులో ఏమీ కనబడి ఉండదు.

బావ కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కాడు. నేను ముందుకి దాటి వెళ్ళొచ్చు, దారి వెడల్పుగానే ఉంది. దాటలేదు. ఆయనకి రెండు మెట్లు కింద, పెట్టె గోడ వైపుకి పెట్టుకుని, ఖాళీ చెయ్యి జేబులోంచి తీసి నెమ్మదిగా ఎక్కసాగాను. ఆ కాలు జారితే ఆ బరువు వచ్చి పడేది నా మీదే. నేను ఎక్కడున్నానో ఆయన చూడలేదు. కానీ ఆరో మెట్టు మీద, ఊపిరి తీసుకోవడానికి ఆగి, తల తిప్పకుండానే అడిగాడు:

"ఎన్నున్నాయిరా ఈ మెట్లు?"

"పద్దెనిమిది."

"లెక్కపెట్టావా?"

"పొద్దున్నే వచ్చి లెక్కపెట్టాను. రెండుసార్లు."

ఆయన సంచీ సర్దుకుని ఇంకో మెట్టు ఎక్కాడు. ఎక్కి, అక్కడే నిలబడి, "అయితే చెప్పు" అన్నాడు.

"ఇంకా పదకొండు" అన్నాను.